తోడు రాలేదు, తుపాకి ఇచ్చి పంపారు

నండూరి రామమోహనరావు గారి ‘కాంచనద్వీపం’ చదవనివారు మన బ్లాగ్మిత్రులలో బహు తక్కువమంది ఉంటారని నా నమ్మకం. స్టీవెన్‌సన్ 1883లో పుస్తకంగా వెలువరించిన ‘ట్రెజర్ ఐలండ్’కు అది తెలుగు రూపం. మొన్న వేసవి సెలవులకు వచ్చిన మేనల్లుడికి రోజుకొక అధ్యాయం చొప్పున ఆ కథ చదివి వినిపించాను. ఒంటికాలి సిల్వర్, అతని భుజం మీది చిలుక, ఆపిల్ పళ్ళ పీపా, అన్నీ ఎప్పటిలాగానే మా ఇద్దరినీ కట్టి కూర్చోబెట్టాయి. అయితే ఈసారి నా మనసు మాత్రం కథ మొదట్లోనే, చిన్నతనంలో పరుగున దాటిపోయిన ఒక చోట చిక్కుకుని అక్కడే నిలిచిపోయింది.

సత్రంలో దిగిన ముసలి నావికుడు హఠాత్తుగా చనిపోతాడు. దొంగలు ఏ క్షణాన్నైనా వచ్చి మీద పడతారు. జిమ్, వాళ్ళ అమ్మ సహాయం కోసం పక్కనున్న పల్లెకు పరుగెత్తుతారు. పల్లెలో మనుషులకు కొదవ లేదు. కానీ ఫ్లింట్ అన్న పేరు వినగానే అందరికీ గుండె జారిపోతుంది. ఒక కుర్రవాడు గుర్రమెక్కి డాక్టరుగారికి కబురు చేరవేస్తానంటాడు. వీళ్ళు తిరిగి వచ్చేటప్పుడు ఎవరైనా తరిమితే పనికివస్తాయని గుర్రాలు సిద్ధం చేసి ఉంచుతామంటారు. వెంట రావడానికి మాత్రం ఒక్కరూ కదలరు. చివరికి తండ్రి పోయి ఎన్నాళ్ళూ కాని ఆ కుర్రవాడి చేతిలో మందు కూరిన పిస్తోలు ఒకటి పెట్టి చీకట్లోకి పంపేస్తారు.

ఆ రాత్రి ఆ పిస్తోలు ఒక్కసారి కూడా పేలదు. తల్లీకొడుకులు వంతెన కింద నక్కి ప్రాణాలు దక్కించుకుంటారు.

“మామా, మరి తుపాకి ఎందుకిచ్చినట్టు?” అని మావాడు అడిగాడు. పిల్లలు అడిగే ప్రశ్నలకు వెంటనే జవాబు చెప్పే అలవాటు నాకు లేదు. ఆ ప్రశ్న పట్టుకుని నాలుగైదు రోజులు తిరిగాక తోచిన సంగతులివి. సాహసకథల్లో మామూలు మనుషుల చేతికి తుపాకి ఎట్లా వస్తుంది, వచ్చాక వాళ్ళేమవుతారు, ఆ తుపాకికీ మా ఊళ్ళో నేను చూసిన తుపాకికీ పోలిక ఎంత అన్నదే ఈ టపా.

* * *

మాది పామిడి. అనంతపురం నుంచి గుత్తికి పోయే జాతీయ రహదారి మీద, పెన్న ఒడ్డున ఉంది. ఏటి ఒడ్డున భోగేశ్వరస్వామి గుడి, బజారులో బట్టల అంగళ్ళు, ఊరు దాటితే శనక్కాయ చేలు. దేశంలోనే అతి తక్కువ వాన పడే జిల్లాలలో మాదొకటి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ కురుస్తుంది, అదైనా అదను తప్పకుండా కురవదు. పెన్నను మేము ఏరు అంటాము గానీ మాకు నీటికంటే ఇసుకతోనే పరిచయం ఎక్కువ.

ఈ ఊళ్ళో నా బాల్యంలో నాలుగు రకాల తుపాకులు ఉండేవి.

మొదటిది పోలీసు స్టేషనులో గొలుసు వేసి నిలబెట్టిన త్రీనాట్‌త్రీ. ఠాణా ముందునుంచి బడికి పోయేటప్పుడు కిటికీలోంచి దాని గొట్టం చివర మాత్రమే కనిపించేది. అది పేలగా విన్నవాళ్ళెవరూ మా బడిలో లేరు.

రెండవది బ్యాంకు కావలిదారు చేతిలోని జంటగొట్టాల తుపాకి. ఆయన సైన్యంలో పనిచేసి వచ్చిన మనిషి. రోజంతా ఒక స్టూలు మీద కూర్చుని, తుపాకిని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని, చదువు రానివాళ్ళకు డబ్బు కట్టే కాగితాలు నింపి పెడుతుండేవాడు. తుపాకి పట్టిన చేతికంటే కలం పట్టిన చేతికే ఊళ్ళో గౌరవం ఎక్కువ.

మూడవది మా చిన్నాయన తుపాకి. పంట కాపలాకు లైసెన్సు పుచ్చుకుని కొన్న నాటు రకం. గొట్టం మూతిలోంచి మందు పోసి కూరవలసినది. దాని కథ తరువాత చెబుతాను.

నాలుగవది పిట్టలదొరది. చిరిగిన ఖాకీ కోటు, నెత్తిన దొరటోపీ, కాళ్ళకు జత కుదరని బూట్లు, భుజాన కట్టెతో చేసిన తుపాకి. తిరునాళ్ళకో సంతకో వచ్చి, ఇంగ్లీషూ ఉర్దూ తెలుగూ కలగలిపి, తనకు లేని జాగీర్లనూ తాను చంపని పులులనూ ఏకరువు పెట్టేవాడు. తెలుగునాట కొన్నిచోట్ల ఇతన్నే తుపాకిరాముడంటారు. కోతలు కోసేవాడికి ఆ పేరే సామాన్యనామమై నిలిచిపోయింది. మా ఊరి నాలుగు తుపాకుల్లోకీ మేము అన్నిటికంటే ఎక్కువగా ప్రేమించింది ఈ కట్టెతుపాకినే. ఎందుకంటే కథలు చెప్పిన తుపాకి అదొక్కటే.

ఇప్పుడు ఆలోచిస్తే పిట్టలదొర చేసేది పెద్ద విమర్శ అనిపిస్తుంది. ఖాకీ వేసుకుని తుపాకి భుజాన పెట్టుకున్న ప్రతివాడికీ ఊరు దండం పెట్టక తప్పని రోజుల్లో, అదే వేషం వేసుకుని, ఆ తుపాకి కట్టెదేనని అందరికీ కనబడేటట్టు పట్టుకుని, ఊరిచేత నవ్వించి గింజలు పెట్టించుకుని పోయేవాడు. వేటగాళ్ళూ దొరలూ రాసుకున్న సాహసగాథలన్నిటికీ మన జానపదుడు ఇచ్చిన సమాధానం ఆ కట్టెతుపాకి.

* * *

కాస్త పెద్దయ్యాక అద్దె పుస్తకాల అంగడి మా గ్రంథాలయమైంది. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, మధుబాబు గారి షాడో అట్టలు చిరిగేదాకా చేతులు మారేవారు. అంతకు ముందు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియళ్ళలో తిరిగినవాళ్ళం. ‘తోకచుక్క’ మొదలుకుని ఆయన లోకమంతా కత్తులది, విల్లంబులది, మంత్రదండాలది. అక్కడినుంచి రివాల్వరు లోకంలోకి రావడమంటే నిక్కరు వదిలి ప్యాంటు తొడుక్కోవడం లాంటిది.

ఆ నవలల్లో తుపాకికి కొన్ని నియమాలుండేవి. అది వానలో తడవదు. దానికి లైసెన్సు కాగితం ఉండదు. దానిలో గుళ్ళు ఎన్ని ఉన్నాయో రచయిత లెక్కపెట్టడు, ప్రతినాయకుడు మాత్రం సరిగ్గా అవసరమైనప్పుడు లెక్క తప్పుతాడు. అన్నిటికంటే ముఖ్యమైన నియమం మరొకటి ఉంది. ఆ కథల్లో మామూలు మనిషికి తుపాకి ఉండదు. మామూలు మనిషి అంటే హోటలు సర్వరు, టాక్సీ డ్రైవరు, రాత్రి కావలివాడు. కథ మొదట్లో శవమై పడి ఉండటం, లేదా శవాన్ని మొట్టమొదట చూసి కేక పెట్టడం, ఈ రెండే అతని ఉద్యోగాలు.

సినిమాకు పోతే అక్కడా ఇదే వరస. 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చింది. కృష్ణ కథానాయకుడు, కె.ఎస్.ఆర్.దాస్ దర్శకుడు, రచన ఆరుద్ర. మన దేశంలో తొలి కౌబాయ్ చిత్రంగా దానికి పేరుంది. ఆ ఎడారి కోసం వాళ్ళు రాజస్థాన్ దాకా వెళ్ళారు. రెండవ ఆట చూసి ఇంటికి నడిచొస్తూ మాకు వచ్చే సందేహం ఒక్కటే. కౌబాయ్ అంటే పసులకాపరి కదా! మా బయళ్ళలో కావలసినంత మంది పసులకాపరులు, గొర్రెలకాపరులు ఉన్నారు. ఎండ ఉంది, దుమ్ము ఉంది, రాళ్ళగుట్టలున్నాయి. లేనిది నడుముకు తుపాకి ఒక్కటే. మా కాపరి చేతిలో ఉన్నది కొమ్మలు కొట్టే పొడుగాటి దోటి, భుజాన ఒక గొంగడి, మూటలో సద్ది. అతని మీద ఎవరూ సినిమా తీయలేదు.

మా సీమ మీద తీసిన సినిమాలు తరువాత వచ్చాయి. ‘సమరసింహారెడ్డి’ 1999లో, ‘ఇంద్ర’ 2002లో. వాటిలో వేటకొడవళ్ళు, నాటుబాంబులు, వరసగా వచ్చే సుమోలు. ఆ సినిమాల్లోని మామూలు మనిషిని ఎప్పుడైనా గమనించారా? తెల్లపంచె కట్టుకుని, చేతిలో కొడవలి పట్టుకుని, నాయకుడి వెనక పదిహేనవ వరసలో నిలబడి ఉంటాడు. పేరుండదు, మాట ఉండదు. వాడికి ఆ కొడవలి ఎవరిచ్చారో, వాడి చేనులో ఆ ఏడు ఏమి పండిందో కథకు అక్కరలేదు. ఈ సంగతులు తెలుసుకోవాలంటే సింగమనేని నారాయణ గారు కూర్చిన ‘సీమకథలు’ వంటి సంకలనాలకు పోవలసిందే. అక్కడ కరువు ఉంది, మనిషి ఉన్నాడు. సాహసం కూడా ఉంది, దాన్ని ఆ పేరుతో ఎవరూ పిలవరు, అంతే.

* * *

ఇప్పుడు చిన్నాయన తుపాకి సంగతి.

1959 నాటి ఆయుధాల చట్టంలో ఒక ముచ్చటైన చోటు ఉంది. పదమూడవ సెక్షను. ఆత్మరక్షణకో వేటకో కనీసం ఇరవై అంగుళాల గొట్టం గల నునుపుగొట్టపు తుపాకినీ, నిజంగా పంట కాపలా కోసమైతే మూతిలోంచి మందు కూరే తుపాకినీ కోరేవాడి మాట అందులో విడిగా ఉంటుంది. చట్టాల పుస్తకంలో రైతు తుపాకి కనిపించే చోటు అదే. 1878లో లిట్టన్ హయాంలో వచ్చిన చట్టం భారతీయులు తుపాకి పట్టాలంటే లైసెన్సు తప్పనిసరి చేసి, తెల్లవారికి చాలావరకు మినహాయింపులు ఇచ్చింది. దానితో పోలిస్తే ఇది ఎంతో మర్యాద గల వాక్యం.

అయితే ఆ వాక్యం చేతికి ఇచ్చే ఆయుధం ఎటువంటిదో చూడాలి. గొట్టం నిలబెట్టి కొలతగా మందు పోయాలి. గుడ్డపీలికనో పీచునో కుక్కి ఇనుప కడ్డీతో దట్టించాలి. ఆపైన గుళ్ళు వేసి మళ్ళీ కుక్కాలి. వెనక చిన్న గొట్టం మీద రాగిటోపీ తొడగాలి. అప్పుడు గుర్రం ఎత్తి కాల్చాలి. వెన్నెల లేని రాత్రి, మంచె మీద, తడిచేతులతో ఈ పని పూర్తయ్యేసరికి అడవిపంది తన పని ముగించుకుని పక్క చేనికి వెళ్ళిపోయి ఉంటుంది. వాన జల్లు పడితే మందు చెమ్మగిల్లి అసలు అంటుకోదు.

మన నవలల్లో ఎక్కడా కనబడని ఈ చెమ్మ సంగతి స్టీవెన్‌సన్‌కు బాగా తెలుసు. ఓడమీద ఇజ్రాయెల్ హ్యాండ్స్ కత్తితో తరిమినప్పుడు జిమ్ పిస్తోలు నొక్కుతాడు. ఉప్పునీటికి మందు తడిసి అది పేలదు. తెరచాప కొయ్య ఎక్కి కూర్చుని, గుండె దడదడలాడుతుండగా, రెండు పిస్తోళ్ళకూ మందు మార్చుకుంటాడు. తీరా అవి పేలినప్పుడు కూడా, విసిరిన కత్తి భుజానికి గుచ్చుకున్న అదురుకు పేలుతాయే తప్ప తానై గురిపెట్టి కాల్చానని జిమ్ ఎక్కడా చెప్పుకోడు. తుపాకి అలవాటు లేని కుర్రవాడి చేతిలో తుపాకి ఎలా ఉంటుందో అంత నిజంగా చెప్పినవాళ్ళు అరుదు.

హకల్‌బెరీ ఫిన్ కూడా ఇటువంటివాడే. నండూరి వారే అతన్నీ తెలుగులోకి తెచ్చారు. తాగి కత్తితో తరిమిన తండ్రి నిద్రపోయాక, గుడిసెలోని తుపాకి తీసి, మందు కూరి ఉన్నదో లేదో చూసుకుని, ఒక పీపా మీద ఆనించి తండ్రివైపు గురిపెట్టి రాత్రంతా కూర్చుంటాడు. కాల్చడు. తరువాత అదే తుపాకితో అడవిపందిని కొట్టి, దాని నెత్తురు చల్లి, తాను చచ్చిపోయినట్టు లోకాన్ని నమ్మించి పారిపోతాడు. పేదపిల్లవాడికి తుపాకి చేసిన ఉపకారం అంతమట్టుకే.

* * *

వేట పుస్తకాల దగ్గరకు వద్దాం. కెన్నెత్ ఆండర్సన్ మన చామల లోయలోనూ మామండూరు అడవిలోనూ తిరిగి కథలు రాశాడు. జిమ్ కార్బెట్ కుమావూఁ కొండలవాడు. ఇద్దరి కథల్లోనూ నాయకుడి రైఫిల్‌కు పేరూ ఊరూ ఉంటాయి. ఆండర్సన్‌కు 405 వించెస్టర్, కార్బెట్‌కు 275 రిగ్బీ. ఊరివాళ్ళ తుపాకులకు పేర్లుండవు. అయితే కథ మొదలయ్యేది చాలాసార్లు ఆ పేరులేని తుపాకితోనే. ఎవడో చీకట్లో నాటుతుపాకితో పులిని గాయపరుస్తాడు. వేట చేతకాని ఆ పులి మనుషుల మీద పడుతుంది. అప్పుడు దొర వస్తాడు.

కార్బెట్ 1907లో చంపిన చంపావత్ ఆడపులి 436 మందిని తిన్నదని లెక్క. చంపిన తరువాత దాని నోరు తెరిచి చూస్తే కుడివైపు కోరలు రెండూ విరిగి ఉన్నాయి. పాత తుపాకిదెబ్బ. కథకు కారణమూ తుపాకి, ముగింపూ తుపాకి.

కానీ ఆ కథ నడుమ ఒక అపురూపమైన భాగం ఉంది. పులిని లోయలోంచి బయటికి తోలడానికి మనుషులు కావాలి. చంపావత్ తహసీల్దారు ఒక తెలివైన పని చేశాడు. లైసెన్సు లేని తుపాకులు తెచ్చినా తాను చూడనట్టే ఉంటానని, మందుగుండు కూడా తానే ఇస్తానని చుట్టుపక్కల పల్లెలకు కబురు పంపాడు. మధ్యాహ్నానికి 298 మంది వచ్చారు. వాళ్ళు ఇళ్ళలోంచి, చూరుల్లోంచి తీసి తెచ్చిన తుపాకులతో ఒక పురాతన వస్తుశాల నింపవచ్చునని కార్బెట్ వేళాకోళం చేస్తాడు. ఆ తుపాకులు పులికి తగలవలసిన పని లేదు. వరసగా గట్టుమీద నిలబడి, పేల్చి, అరిచి, బండలు దొర్లించి పులిని కదిలించడమే వాటి పని. తమాషా ఏమిటంటే, చివరి ఘట్టంలో కార్బెట్ దగ్గరున్న మూడు తూటాలూ అయిపోతే, పరుగున పోయి తహసీల్దారు చేతిలోని తుపాకి తెచ్చుకున్నాడు. దాని గొట్టాలకూ వెనకభాగానికీ మధ్య వేలెడంత కాకపోయినా కంటికి కొట్టొచ్చినట్టు కనబడే సందు ఉందట. అంత ప్రసిద్ధమైన వేట ముగిసింది ఒక రెవెన్యూ ఉద్యోగి డొక్కుతుపాకితో!

ఈ ఘట్టాన్ని స్టీవెన్‌సన్ పల్లె పక్కన పెట్టి చూడండి. అక్కడ జనం తోడు రాకుండా తుపాకి ఇచ్చి పంపారు. ఇక్కడ తుపాకి అనే సాకుతో జనమే తోడు వచ్చారు. రెండుచోట్లా ఉన్నది భయపడ్డ మామూలు మనుషులే, రెండుచోట్లా ఉన్నది నమ్మకం లేని పాత తుపాకులే. మొదటిచోట అది మనిషికి బదులుగా ఇచ్చిన వస్తువు. రెండవచోట అది 298 మంది గొంతుకు తోడైన డప్పు.

* * *

మా ప్రాంతంలో తుపాకుల చరిత్ర పాతదే. 1800లో నిజాము ఈ సీమను కుంపిణీకి ధారపోసినప్పుడు ఇక్కడ ఎనభైమంది దాకా పాలెగాళ్ళు, వాళ్ళ చేతికింద సుమారు 30 వేలమంది ఆయుధాలు పట్టిన బంట్లు ఉన్నారని నాటి రాతలు చెబుతాయి. 1807 వరకు కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఆ బలగాలను చెదరగొట్టాడు. బంట్లలో చాలామంది కట్టుబడులు. అంటే ఇచ్చిన మాన్యం సేద్యం చేసుకుంటూ, పిలిచినప్పుడు ఆయుధం పట్టే రైతులు. ఆ మాన్యాలకు ముప్పు వచ్చినప్పుడే 1846లో వాళ్ళు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి వెంట నడిచారు. 1847 ఫిబ్రవరిలో ఆయనను కోయిలకుంట్లలో ఉరితీశారు. నాయకుడి పేరు మిగిలింది, కట్టుబడుల పేర్లు మనకు నోటికి రావు.

అయితే మా వైపు తుపాకి కథల్లో నన్ను అన్నిటికంటే ఎక్కువగా కదిలించేది తుపాకి లేని మనిషి కథ. పామిడికి పాతిక కిలోమీటర్లలో గుత్తి, దానికి ఆవల గుంతకల్లు. 1893 అక్టోబరు 4న గుంతకల్లు రైల్వేస్టేషను దగ్గర కొందరు తెల్ల సోల్జర్లు ఇద్దరు స్త్రీల వెంటపడ్డారు. వాళ్ళు పరుగున వచ్చి రైల్వేగేటు దగ్గర ఆశ్రయం కోరారు. గేటు కాపలాదారు హంపన్న వాళ్ళను తన గదిలో పెట్టి, తాను అడ్డంగా నిలబడ్డాడు. సోల్జరు కాల్చాడు. హంపన్న చనిపోయాడు. గుత్తి వకీలు పట్టు కేశవపిళ్ళె ఈ దారుణాన్ని పత్రికలకు ఎక్కించి దేశానికి తెలియజేశారు. మద్రాసులో విచారణ జరిగింది. కాల్చినవాడు నిర్దోషిగా బయటపడ్డాడు.

గేటు కాపలాదారు చేతిలో ఏమి ఉంటుంది? ఒక లాంతరు, ఎర్రజెండా, పచ్చజెండా. సాహసకథలో ఇటువంటివాడు మొదటి పుటలోనే చచ్చిపోతాడని ఇందాక వేళాకోళంగా రాశాను. ఇక్కడ కూడా చచ్చిపోయాడు. అయితే ఆ ఇద్దరు స్త్రీల కథకు నాయకుడు అతనే. మొన్న మావాడికి ఈ కథ కూడా చెప్పాను. “ఆయన దగ్గర తుపాకి ఉంటే బతికేవాడా?” అన్నాడు. ఉండి ఉంటే ఒకవేళ బతికేవాడేమో. తెల్ల సైనికుణ్ణి కాల్చిన నేరానికి ఆ తరువాత ఉరికంబం ఎక్కేవాడు కూడానేమో. నాకు జవాబు తోచలేదు. ఒక్కటి మాత్రం చెప్పగలిగాను. ఆయన తలుపు తెరిచే ముందు తన దగ్గర తుపాకి ఉన్నదా లేదా అని చూసుకోలేదు.

* * *

చిన్నాయనకు ఇప్పుడు డెబ్బై దాటాయి. నలభై ఏళ్ళపాటు ఆ తుపాకి ఆయన దగ్గర ఉంది. ఆ నలభై ఏళ్ళలో దానితో ఒక్క పందిని కూడా ఆయన చంపలేదంటే మీరు నమ్మకపోవచ్చు. ఆయన దానిలో గుళ్ళు వెయ్యడు. ఉత్త మందు కూరి గాలిలోకి పేలుస్తాడు. చప్పుడే ఆయనకు కావలసింది.

శనక్కాయ ఊడలు దిగి కాయ పట్టే రోజుల్లో, అంటే సెప్టెంబరు అక్టోబరుల్లో, పందులమంద ఒక్క రాత్రిలో ఎకరం చేను తిరగదోడి పోగలదు. అందుకని మంచెలు. నా చిన్నతనంలో ఆ మడకల వైపు ఏడెనిమిది మంచెలు ఉండేవి. చిన్నాయన తుపాకి పేలిస్తే అవతలి మంచె మీదినుంచి ఒక కేక వచ్చేది, దానికి ఆవలినుంచి డబ్బా చప్పుడు, ఇంకా ఆవలినుంచి వడిసెల ఈల. ఆ చప్పుళ్ళు చీకట్లో ఒక చేనునుంచి మరొక చేనుకు పాకుతూ పోయి, చివరికి ఏటి ఒడ్డున ఎక్కడో ఆగేవి. మంచె మీద చిన్నాయన పక్కన గొంగడి కప్పుకుని పడుకున్న నాకు, తుపాకి చప్పుడుకంటే దాని తరువాత వచ్చే ఆ కేకల వరసే ధైర్యంగా ఉండేది.

వానలు వరసగా ఎగ్గొట్టిన ఏళ్ళలో ఒక్కొక్క మంచే ఖాళీ అయింది. ఒకరు బెంగళూరులో కావలిపనికి పోయారు, ఒకరు ఊళ్ళోనే బట్టలు కుట్టే పనిలో కుదిరారు, ఒకరు బోరుబావుల అప్పుకు చేను అమ్మేశారు. లైసెన్సు మాత్రం మూడేళ్ళకొకసారి, 2019 సవరణ తరువాత ఐదేళ్ళకొకసారి, కాగితాలు పట్టుకుని తిరిగి తిరిగి కొత్తచేయిస్తూనే ఉన్నాడు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా తుపాకిని గోనెసంచిలో చుట్టి, బస్సెక్కి పోయి స్టేషనులో అప్పగించి రసీదు తెచ్చుకుంటాడు. ఫలితాలు వచ్చాక మళ్ళీ పోయి తెచ్చుకుంటాడు. ఏ సాహసవీరుడూ పడని పాట్లు ఇవి.

ఈసారి కొత్తచేయించే గడువు దగ్గరపడింది. బెంగళూరులో ఉన్న కొడుకు వద్దన్నాడు. మిగిలిన నలుగురైదుగురు రైతులు మాత్రం పట్టుబట్టారట: నువ్వు తుపాకి వదిలితే మా చేలు ఎవరు చూస్తారు? నేను పోయినప్పుడు ఈ పంచాయితీ నడుస్తోంది. ఇంత వయసులో రాత్రిపూట ఒంటరిగా మంచె ఎక్కడం మంచిది కాదని నేనూ అన్నాను. చిన్నాయన కొంచెంసేపు ఊరుకుని, నాతో అన్నాడు:

“తుపాకి ఉండాదని గదప్పా ఒగడూ రానిది! నేను ఒక్కన్నే పేల్చి, నేను ఒక్కన్నే ఇనుకుంటాండా. యా పక్కనుంచీ పలికేటోడు లేడు. పలక్కుండేదానికి తుపాకి ఎందుకు?”

ఆ మాట ఆయన ఎవరినీ నిష్ఠూరమాడుతూ అనలేదు. పంట లెక్క చెప్పినట్టు చెప్పాడు.

తుపాకిని స్టేషనులో అప్పగించి వచ్చేశాడు. తరువాత ఆ నలుగురైదుగురినీ కూర్చోబెట్టి, వంతులు వేసుకుందామన్నాడు. ఒక రాత్రికి ఇద్దరు. రెండు టార్చిలైట్లు, నూనెడబ్బా, వడిసెల, ఒక కుక్క. మొదట గొణుక్కున్నారు, తరువాత ఒప్పుకున్నారు. గడిచిన పంటకు పందులు రెండుసార్లు పడ్డాయి. ఒక రైతుకు అరెకరానికి పైగా పోయింది. అది చిన్న నష్టం కాదు, ఆ ఇంటికి ఏడాది నూనెఖర్చు అది. తుపాకి ఉంటే పోయేది కాదని అతను ఇప్పటికీ అంటున్నాడు. కావచ్చు కూడా. చిన్నాయన దానికి ఎదురు చెప్పలేదు. అతని వంతు రోజున కూడా తానే పోయి పడుకుంటున్నాడు.

మావాడు ఈ దసరాకు వస్తే ఒక రాత్రి ఆ కాపలాకు తీసుకుపోదామని ఉంది. కాంచనద్వీపం చదివినవాడు కనుక పిస్తోలు ఇమ్మని అడుగుతాడు. నూనెడబ్బా ఇస్తాను.

మన తెలుగులో ఇటువంటి మనుషుల సాహసకథలు, తుపాకి ఉన్నా లేకున్నా, మీకు తెలిసినవి ఉంటే దయచేసి వ్యాఖ్యల్లో చెప్పండి. అట్లాగే మీ ఊళ్ళో మీ చిన్నప్పుడు తుపాకి ఎవరి దగ్గర ఉండేదో, అది పేలినప్పుడు ఎవరు పలికేవారో కూడా రాయండి. పిట్టలదొర మాటలు పూర్తిగా గుర్తున్నవారెవరైనా ఉంటే వాటిని మాత్రం తప్పక రాసిపెట్టండి. ఆ కట్టెతుపాకి కథలు మళ్ళీ వినాలని మనసు పీకుతోంది.